రాజారత్నం ఎతికిన లీకేజీ

మా నాయిన పేరు రాజారత్నం. మిర్యాలగూడల హుజూర్‌నగర్ పొయ్యే రోడ్డు మీద, రైస్ మిల్లుల ఊక బూడిద వచ్చి పడే కాడ, మాది కార్ల కరెంటు పని చేసే షాపు. బోర్డు మీద ఏదో పేరున్నది గని ఆ పేరుతోని ఎవ్వడూ అడగడు. "నిలబెడితే బ్యాటరీ దిగిపోయే బండా? రత్నం కాడికి తోలుకపో" అంటరు. సూర్యాపేట నుంచి వస్తరు, కోదాడ నుంచి వస్తరు, వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల ఆఫీసర్లు గూడ వస్తరు. నడిచేటప్పుడు బండి మంచిగనే ఉంటది. నిలబెట్టి, పొద్దుగాల తాళం తిప్పితే టిక్కు టిక్కుమని సప్పుడు తప్ప ఇంకేం ఉండది. గసుంటి బండ్లకు మా నాయిన పెట్టింది పేరు.

నేను ఆయన బిడ్డను, దీవెన. షాపుల నేను గూడ పని చేస్త. "పేరేమో దీవెన, నోరు తెరిస్తె శాపనార్థాలు" అని పక్క టిఫిన్ బండి రంగి నన్ను ఎక్కిరిస్తది. అననియ్. నా చేతుల స్క్రూడ్రైవర్ సూసి గూడ "మేస్త్రీ లేడామ్మా?" అని అడిగేటోళ్లకు శాపనార్థాలు పెట్టక హారతి పడ్తరా? కని గింత నోరున్న దాన్ని, ఒక్క మాట మాత్రం ఏడేండ్ల సంది గొంతుల్నే పెట్టుకున్న. అది సెప్తె మా నాయిన నాకు దక్కడని భయం.

నాయినది నిడమనూరు దిక్కు కూలోళ్ల ఇల్లు. పదో తరగతి పరీక్షలు అయిపోంగనే సూర్యాపేటల లారీల పని చేసే మేస్త్రీ కాడ చేరిండు. ఆ మేస్త్రీ ఏం నేర్పిండో ఏమో గని, తొందరపడొద్దు అన్నదొక్కటి మంచిగ నేర్పిండు. బండి రాంగనే అందరు మెకానిక్కులు బానెట్ లేపి బ్యాటరీ మీద పడ్తరు. "ఖతమైంది, కొత్తది ఎయ్యాలె" అంటరు. కొత్తది ఏస్తే వారం నడుస్తది, మళ్ల కథ మొదలు. ఇల్లు అలకంగనే పండుగైతదా? బండి నిలబడ్డప్పుడు ఎవరికీ అక్కరకు రాకుండ కారిపోయే కరెంటును మేం లీకేజీ అంటం. అది ఎక్కడున్నదో దొరకకుంటె వంద బ్యాటరీలు మార్చినా దండుగనే.

మా నాయిన ఏం చేస్తడంటె, డోరు తెరిచి పెట్టి, దాని గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తోని లోపలికి నొక్కుతడు. డోరు మూసిన్రనుకుంటది బండి. తర్వాత బ్యాటరీ మైనస్ వైరు ఇప్పి, వైరుకు బ్యాటరీకి నడుమ చిన్న బల్బు కడ్తడు. ఇగ బండి తాగే కరెంటంత ఆ బల్బుల నుంచే పోవాలె. బల్బు ఎలుగుతున్నదంటె బండి ఇంక మేలుకోనే ఉన్నట్టు. ఇప్పటి బండ్లు ఆపంగనే పండుకోవు. లోపలి కంప్యూటర్ డబ్బాలన్ని ఒక్కొక్కటి కండ్లు మూసేతందుకు అర్ధగంట, నలబై నిమిషాలు పడ్తది. తొందరపాటోడు అంతల్నే ఫ్యూజులు పీకుడు మొదలు పెడ్తడు. మా నాయిన స్టూలేసుకొని కూసుంటడు. ఎవ్వర్నీ మాట్లాడనియ్యడు.

"మన మాటలు బండికి ఇనబడ్తయా నాయినా?" అని మొదట్ల ఎక్కిరించిన.

"బండికి ఇనబడవ్. నాకు ఇనబడ్తయ్" అన్నడు.

బల్బు సన్నగై సన్నగై ఆరిపోతె బండి పండుకున్నది. ఆరకుంటె లోపల ఎవడో దొంగ ఉన్నడు. అప్పుడు ఒక్కొక్క ఫ్యూజు తీసుకుంట పోతడు, ఏది తీస్తే బల్బు ఆర్తదో ఆ దారిల దొంగ. ఒకసారి డిక్కీల ఆరని లైటు, ఒకసారి పాటల డబ్బా, ఒకసారి ఎవరో అరకొర వైర్లతోని పెట్టిన హారన్. దొరికినంక గూడ ఆయన మొకంల సంబురం కనబడది. "గిదే గద" అంటడు. అని షాపు ఎనక దిక్కు ఒకసారి సూస్తడు. షాపు ఎనక మా తెల్ల వ్యాను ఉన్నది.

ఏడేండ్ల సంది అది రోడ్డెక్కలే. టైర్ల గాలి దిగింది, అద్దాల నిండ బూడిద. ఆదివారం చర్చి నుంచి రాంగనే నాయిన తెల్ల అంగీ గూడ ఇప్పకుండ, మంచి బ్యాటరీ ఒకటి మోసుకపోయి ఆ వ్యానుకు కడ్తడు. నడుమ బల్బు పెడ్తడు. స్టూలేసుకుంటడు. జరసేపటికి బల్బు ఆరిపోతది. ప్రతి ఆదివారం ఆరిపోతది. వైర్లు కదిలిస్తడు, డోర్లు తీసి మూస్తడు, వానకు తడిస్తే ఏమన్న అయితదేమో అని నీళ్లు గూడ సల్లి సూస్తడు. మళ్ల కూసుంటడు. అన్నం సల్లారిపోతది.

"నవనీతను మింగిన లీకేజీ ఈ బండిలనే ఉన్నది బిడ్డా. ఎన్నడో ఒకనాడు దొరుకుతది" అంటడు.

నవనీత మా అమ్మ. ఆ మాట ఇన్నప్పుడల్ల నేను లేసి షాపులకు పోత. ఎందుకంటె ఆ వ్యానుల ఏ లీకేజీ లేదు. బ్యాటరీని దింపింది నేను.

అప్పుడు మేం పెన్‌పహాడ్‌ల ఉండేటోళ్లం. నాయిన రోజు సూర్యాపేటకు పోయి పని చేసుకొని వచ్చేటోడు. నా డిగ్రీ అయిపోయింది. హైదరాబాద్‌ల ఒక ఆఫీసుల ఉద్యోగం దొరికింది, హాస్టల్ గూడ మాట్లాడుకున్న. అమ్మ వద్దన్నది. "ఒక్కగానొక్క పిల్లవు, ఏడాది నా కండ్ల ముందు ఉండు, తర్వాత పోదువు తియ్యి" అన్నది. నేను గయ్యిమని లేసిన. నోటికొచ్చింది అన్న. పొద్దుగూకంగ పోయి వాకిట్ల ఉన్న వ్యానుల కూసొని, తాళం తిప్పి, పాటలు పెట్టుకున్న. అమ్మ వచ్చి వేళ్ల గణుపులతోని అద్దం మీద కొట్టింది. "రా బిడ్డా, అన్నం తిను." నేను పాట సప్పుడు పెంచిన. మళ్ల కొట్టింది. ఇంకా పెంచిన. జరసేపు నిలబడి ఆమె లోపలికి పోయింది.

తర్వాత నేను దిగేటప్పుడు పాట సప్పుడు తగ్గించిన గని తాళం తియ్యలే. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైట్లు ఎలుగుతనే ఉన్నయ్. మర్చిపోయిన అంటె అబద్ధం. సూసిన. సూసి, ఉంటె ఉండనియ్ నాకేంది అని డోరు దబ్బున ఏసి పోయి పండుకున్న. అమ్మతోని ఒక్క మాట మాట్లాడలే.

తెల్లారంగ అమ్మ ఛాతీ పట్టుకొని లేసింది. చెమటలు. 108కి ఫోన్ కొట్టినం, బయలెల్లినం అన్నరు. నాయిన ఆగలేక వ్యాను కాడికి ఉరికిండు. నేను అమ్మ తల ఒళ్లె పెట్టుకొని కూసున్న. బయటి నుంచి టిక్కు, టిక్కు, టిక్కు అని ఇనబడ్డది. గా సప్పుడు ఇనంగనే నా పానం సగం పోయింది. నాయిన నలుగుర్ని పిలిచి తోపిచ్చిండు. డీజిల్ బండి, అంటుకోలే. ఆఖరికి, 108 ఇంకా రాకముందే, మా ఊరి బీరన్న ఆటో దొరికితే అండ్ల ఏసుకొని సూర్యాపేటకు పోయినం. దవాఖానల డాక్టరు అమ్మ చెయ్యి పట్టుకొని సూసి కింద పెట్టిండు. "అర్ధగంట ముందు తెస్తే ఏమన్న చేసేటోళ్లం" అన్నడు. ఆ అర్ధగంట నేను తిన్న.

నేను హైదరాబాద్ పోలే. నాయిన పెన్‌పహాడ్‌ల ఉండలేక ఇల్లు ఖాళీ చేసి, మిర్యాలగూడల షాపు కిరాయికి తీసుకున్నడు. వ్యానును లారీకి కట్టి గుంజుకొచ్చిండు. అమ్ముదాం నాయినా అంటె ఇన్లే. నేను షాపుల కూసున్న, వైర్లు పట్టుడు నేర్చుకున్న. "ఉద్యోగం ఇడిసిపెట్టి తండ్రిని సూసుకుంటున్నది, బంగారం లాంటి పిల్ల" అని చర్చిల పెద్దోళ్లు నా తల మీద చెయ్యి పెడ్తరు. తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్త. తల మీద ఆ చేతులు మండుతయ్.

ఇప్పటికీ బండిల కూసొని పని చేస్తుంటె ఎవరన్న అద్దం మీద కొడ్తె నా చేతుల ఉన్నది జారిపోతది. ఒకసారి కరెంటు కొలిచే మీటరు కిందేసి పగలగొట్టిన. కొట్టిన మనిషిని తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టిన. పాపం, ఎంతసేపైతది చెల్లే అని అడుగుదామని కొట్టిండాయన. షాపు ఎనకకైతే నేను ఒంటిగ పోను. ఆ వ్యాను అద్దం మీద, డ్రైవర్ దిక్కు, బూడిదల రెండు సుక్కలు కనబడ్తయ్. గణుపులు తాకినట్టు ఉంటయ్. తుడిస్తె పోతయ్, మళ్ల ఆదివారానికి ఉంటయ్. వాన సుక్కలే కావచ్చు. ఎండాకాలం గూడ ఉంటయ్ మరి. ఇగ నాకు భయమైతది, ఎవరికి సెప్పుకోవాలె?

నాయినకు సెప్పెయ్యాలె అని చానసార్లు నోటి దాక తెచ్చుకున్న. నోట్లె నాలుక లేని మనిషి, కొట్టడు, తిట్టడు. ఊకె నా దిక్కు సూస్తడు. ఆ సూపు ఎట్లుంటదో తలుసుకొని, నోటి దాక వచ్చిన మాట మళ్ల మింగుత. అమ్మ పోయింది. ఉన్నది ఆయనొక్కడు. సెప్పకుంటె ఆయన ఆ స్టూలు మీదనే ముసలోడైపోతడు, సెప్తె నాకు ఉండడు. ఏడేండ్లు గిట్లనే పోయినయ్.

మొన్న ఎండలు ముదిరినప్పుడు కోదాడ నుంచి ఫోనొచ్చింది. ఈశ్వరయ్య అని, ధాన్యం కొనే షావుకారు. బండి ఇంటికాడ నుంచి కదుల్తలేదు, మీరే రావాలె అన్నడు. నేను, నాయిన మా చిన్న కారుల పోయినం.

గేటు తీయంగనే ఈశ్వరయ్య మొదలు పెట్టిండు. ఆరడుగుల మనిషి, గొంతు అంతకంటె పెద్దగుంటది.

"మూడు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చానయ్యా రత్నం. దిష్టి అన్నారు, గుమ్మడికాయ కొట్టించాను. వాస్తు ఆయనొచ్చి కారు మొహం గేటు వైపు తిప్పమన్నాడు, తిప్పాను. ఇంకేం తిప్పమంటావ్, నా తలకాయా?"

"బండి ఎంత తిరుగుతది సార్?" అని అడిగిండు నాయిన.

"వారానికి ఒకసారి. మిగతా రోజులు నేను స్కూటర్ మీదే. ఇంట్లో ఎవరో దీన్ని దొంగచాటుగా వాడుతున్నారని నాకు అనుమానం. తేలనివ్వు, తోలు తీసి ఆరేస్తాను."

ఆయన భార్య స్వరాజ్యలక్ష్మి గారు మజ్జిగ గ్లాసులు తెచ్చిచ్చింది. సన్నటి మనిషి, ఆయన భుజం కాడికి గూడ రాదు. ఇచ్చి, పోయి గుమ్మంల నిలబడ్డది. గ్లాసులు తీసుకపోయేతందుకు నిలబడ్డదనుకున్న.

నాయిన మేం తెచ్చిన మంచి బ్యాటరీ పెట్టిండు, డోరు గొళ్లెం నొక్కిండు, బల్బు కట్టిండు, కూసున్నడు. ఈశ్వరయ్యను గూడ నోరు మూసుకొమ్మని చెయ్యి సూపిచ్చిండు. ఆ షావుకారు అంతసేపు మాట్లాడకుండ ఉండుడు ఆ ఇంట్ల మొదటిసారి కావచ్చు. నలబై నిమిషాలకు బల్బు ఆరింది. మీటరు పెట్టి సూసినం. బండి తాగుతున్నది సున్న కింద లెక్క, గడియారానికి సరిపోయేటంత. పసిపిల్ల లెక్క పండుకున్నది. వైర్లు కదిలించినం, డోర్లు తీసి మూసినం, ఇంకో గంట సూసినం. ఏం లేదు. ఈశ్వరయ్య లోపలికి ఫోన్ మాట్లాడవోయిండు.

అప్పుడు నాయిన పోయి డ్రైవర్ సీట్ల కూసున్నడు. మోకాళ్లు స్టీరింగుకు తగిలినయ్. నడిపేదేమో ఆరడుగుల ఈశ్వరయ్య, సీటేమో ముందుకు జరిపి ఉన్నది. ఏసీ గాలి బటను మూడు మీద ఉన్నది. ఎనక రోడ్డు సూసుకునే లోపలి అద్దం కిందికి వంచి ఉన్నది. నేను పక్క నుంచి తల పెట్టి సూసిన. అద్దంల ఇంటి గుమ్మం కనబడ్డది, గుమ్మంల స్వరాజ్యలక్ష్మి గారు. అద్దంలనే ఆమె కండ్లు నా కండ్లు కలిసినయ్. ఆమె చేతుల ఖాళీ గ్లాసులు ఒకదానికొకటి తాకి గలగలమన్నయ్.

ఇంటి తలుపు మీద కన్నేసుకొని, తాళం తిప్పి, గాలి పెట్టుకొని రోజు గంటసేపు ఆ కారుల కూసునేది ఆమెనే. వారమంత ఇంజన్ నడవకుంటె ఏ బ్యాటరీ తట్టుకుంటది?

మా నాయిన అద్దం సక్క చేసిండు. సీటు ఎనకకు జరిపిండు. గాలి బటను సున్న మీదికి తిప్పిండు. దిగి, మంచిగున్న డోర్ స్విచ్చి ఇప్పి, తన ఏలికున్న గ్రీసు దానికి రాసి, బయటికొచ్చిన ఈశ్వరయ్య చేతుల పెట్టిండు.

"ఇగో షావుకారు గారు, గిదే దొంగ. డోరు మూసినా మూయలేదని బండికి సెప్తున్నది. లోపలి డబ్బాలు రాత్రంత మేలుకుంటున్నయ్."

నేను నోరెళ్లబెట్టిన. లేని ఖరాబు ఉన్నదని మా నాయిన ఎన్నడు సెప్పంగ సూడలే. పక్క షాపోళ్లు గట్ల చేస్తె ఉమ్మేసే మనిషి.

"ఇంత చిన్నదా?" అన్నడు ఈశ్వరయ్య, స్విచ్చిని అటు ఇటు తిప్పుకుంట.

"చిన్నదే సార్. ఇంకో సంగతి. వాడకం లేని బండి, రోజు మధ్యాహ్నం అర్ధగంట ఇంజన్ నడవాలె, లేకుంటె మళ్ల దిగుతది. మీకు తీరదు. అమ్మగారికి నేర్పుత. గేటు తీసి, ఏసీ ఏసుకొని, అద్దాలు మూసుకొని కూసోవాలె."

"దానికేం వచ్చు?"

"తాళం తిప్పుడే గద సార్."

ఆయన లోపలికి పోయినంక నాయిన ఆమెను సీట్ల కూసోబెట్టి, ఇంజన్ ఎట్ల స్టార్ట్ చెయ్యాల్నో సూపిచ్చిండు. ఆమె ఇంటి దిక్కు ఒకసారి సూసి, సన్నగ సెప్పింది.

"జగ్గయ్యపేటలో మా చెల్లి ఉంది నాయనా. పొలం తగాదా వచ్చి ఇరవై ఏళ్లు, దాంతో మాట్లాడితే ఈయన ఊరుకోడు. దానికి ఒంట్లో బాగోలేదు. ఇంట్లో ఏ మూల ఫోన్ మాట్లాడినా ఈయనకు వినబడుతుంది."

"మాట్లాడున్రి అమ్మా. ఇంజన్ నడిపిచ్చుకుంట మాట్లాడున్రి. బ్యాటరీ దిగది" అన్నడు నాయిన.

తిరిగొచ్చేటప్పుడు కారు నేనే నడుపుతున్న. హుజూర్‌నగర్ దాటినం, నేరేడుచర్ల దాటినం. నాయిన కిటికీల నుంచి కోసిన వరి మళ్లు సూస్తున్నడు.

"గంత సక్కగ అబద్ధం ఆడ్తవని నాకు తెల్వదు నాయినా" అన్న.

"ఏం అబద్ధం? బండి స్టార్ట్ అయితది గద" అని నవ్విండు.

"అద్దం ఎందుకు సక్క చేసినవ్?"

"తప్పు మనిషి మీద పడే బదులు స్విచ్చి మీద పడ్డది. ఏం పోయింది బిడ్డా? స్విచ్చి ఏడుస్తదా?"

మూసీ బ్రిడ్జి దాటంగనే నేను బండి పక్కకు ఆపిన. ఇన్నేండ్ల ఆదివారాలు ఒక్కసారి మీద పడ్డట్టయింది. మనిషి తప్పును వైరు మీద ఏసే మనిషి, ఏడేండ్ల సంది ఒక బండిల వైరు ఎతుకుతున్నడు.

"మన వ్యాను సంగతి గూడ గిట్లనేనా?" అన్న.

ఆయన కిటికీ అద్దం పైకెత్తిండు.

"నాయినా, ఆ దినం తాళం తిప్పి ఇడిసిపెట్టింది నేను. మర్చిపోలే. ఎర్ర లైట్లు సూసిన. అమ్మ మీద కోపంతోని ఇడిసిపెట్టి పోయిన. ఆ బండిల లీకేజీ లేదు నాయినా."

"తెల్సు" అన్నడు.

నేను ఆయన దిక్కు తిరిగిన.

"డోరు తీయంగనే సూసిన. తాళం తిరిగే ఉన్నది. నెల దినాలు నీ మొకం సూడబుద్ధి కాలే. అబద్ధమెందుకు, నువ్వు అన్నం పెడ్తె గొంతు దిగకపోయేది. తర్వాత నిన్ను సూస్తె భయమైంది. తినకపోతివి, పండుకోకపోతివి. మీ అమ్మ ఎనక నువ్వు గూడ పోతవనుకున్న. అందుకే లీకేజీ ఉన్నదన్న. నువ్వు నమ్మాలె అని ఆదివారం ఆదివారం కూసున్న."

నాకు ఏడుపు రాలే. కోపమొచ్చింది. నిలువునా కాలిపోయేటంత కోపమొచ్చింది.

"నమ్ముడా? లేదని తెల్సిన దాన్ని నేను! నువ్వు ఆ స్టూలు ఏసుకున్నప్పుడల్ల నన్ను ఉరి తీసినట్టుండేది. నా వల్ల మా నాయిన పిచ్చోడైతున్నడని ఏడ్చి ఏడ్చి సచ్చిన!"

"నాకేం తెల్సు బిడ్డా? నువ్వు సెప్పకపోతివి."

"నువ్వు సెప్పకపోతివి!"

సిమెంటు లారీ ఒకటి మా కారు ఊగేటట్టు పక్క నుంచి పోయింది. తర్వాత నాయిన తన చేతుల దిక్కు సూసుకుంట మాట్లాడిండు.

"ఇంకోటి ఉన్నది. ఆ వ్యానుల ఏసింది పాత బ్యాటరీ. ఎవరో కస్టమరు కొత్తది ఏసుకొని, ఇది ఇడిసిపెట్టి పోయిండు. మన బండికి నడుస్తది తియ్యి అనుకున్న. ఊళ్లె అందరి బండ్లకు మంచివి ఏసి, ఇంట్ల దానికి సచ్చేది ఏసిన. సెల్ఫ్ బరువుగ కొడ్తున్నదయ్యా, కొత్తది ఎయ్యరాదు అని మీ అమ్మ రెండుసార్లు అన్నది. రేపు అన్న. మంచి బ్యాటరీ ఒక్క రాత్రికి సావది దీవెనా. నువ్వు తాళం ఇడిసిపెట్టినా పొద్దుగాల సెల్ఫ్ కొట్టేది."

పెదవులు తడుపుకున్నడు.

"నిన్ను నమ్మియ్యాలె అని కూసున్నది మొదటి ఏడాదే. తర్వాత నా కోసం కూసున్న. నీది కాకుండ, నాది కాకుండ, ఇంకోటేదన్న ఉన్నదేమో అని. ఎలుక కొరికిన వైరో, నీళ్లు దిగిన డబ్బానో. అది దొరికితె మనిద్దరం బతుకుదుము."

"లేదా నాయినా?"

"లేదు బిడ్డా. బండి మంచిగనే ఉన్నది."

నీ తప్పేం లేదు నాయినా అని నేను అనాలె. నోరు రాలే. నీ తప్పేం లేదు బిడ్డా అని ఆయన గూడ అనలే. ఎప్పుడన్న ఆ మాట అంటడేమో అని ఏడేండ్లు ఆశపడ్డ దాన్ని, అనకపోతె నాకు బరువు తగ్గినట్టయింది. ఎందుకో నాకు తెల్వదు.

"ఇదంత అమ్మకు తెలిస్తె ఏమనేది?" అని అడిగిన.

"ఇద్దర్నీ నిలబెట్టి తిట్టేది. నాలుగు దినాలు తిట్టేది. తిట్టుకుంటనే అన్నం పెట్టేది" అన్నడు. అని, ఏడ్చిండు. అమ్మను మట్టిల పెట్టిన దినం గూడ నా ముందర ఏడ్వని మనిషి, రోడ్డు మీద, పట్టపగలు, నోరు తెరిచి ఏడ్చిండు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్న. గ్రీసు చెయ్యి.

"తిట్టేటామె లేకపాయె గద నాయినా" అన్న.